గడ్డ అంటే ఏ గడ్డ?

"అక్కా, ఇక్కడ నొక్కి చూడు. మెల్లిగా!" అని మా పిన్నమ్మ కొడుకు ఎడమ చెయ్యి చాపాడు. మోచేతికీ మణికట్టుకీ మధ్య, పైకి చూస్తే ఏమీ లేదు. వేలు పెట్టి కాస్త జరిపితే మాత్రం బఠాణీ గింజంత ఒకటి తగిలింది. దానికి బెత్తెడు పైన ఇంకొకటి. కుడి చేతికి మూడు. నేను నొక్కింది అరటిపండు పండిందా లేదా అని చూసేటంత. వాడు "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

వాడికి 27 ఏళ్ళు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. అప్పటికి ఏడు నెలలుగా ఈ బాధ పడుతున్నాడు. మొదట మెడికల్ షాపులో నొప్పి మాత్రలు. తర్వాత ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు. ఆ తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగు తీసి "లైపోమా" అని రాసిచ్చారు. "కొవ్వు గడ్డలబ్బా, ఏం కాదు. వీటికి నొప్పి ఉండదు, నువ్వు ఊరికే టెన్షన్ పడతాండావు" అని పంపేశారు. గడ్డకు నొప్పి ఉండదని వాళ్ళంటారు, వీడికేమో చొక్కా చెయ్యి తగిలినా ప్రాణం పోతుంది. ఇక రాత్రుళ్ళు ఫోనులో వెతకడం మొదలుపెట్టాడు. ఫోను వాణ్ణి నేరుగా క్యాన్సరు దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టింది.

నేను డాక్టరును కాను. తిరుపతిలో ఉంటాను, ఆరోగ్యం మీద నాలుగు ముక్కలు రాసే అలవాటుంది. వాడితో పాటు ఆసుపత్రుల వరండాల్లో కూర్చున్న కాలంలో డాక్టర్లను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. వాడికి జవాబు దొరకడానికి అంతకాలం పట్టింది యంత్రాలు లేక కాదు. అడగాల్సిన ప్రశ్నలు ఎవరూ అడగలేదు, వాడికి తెలిసిన వివరాలు చెప్పవచ్చని వాడికీ తెలియలేదు.

మన మాటలోనే కొంత చిక్కుంది. తెలుగులో గడ్డ అన్నది పెద్ద గోనెసంచి లాంటి మాట. ఎర్రగా ఉబ్బి చీము పట్టేది సెగ్గడ్డ. కొవ్వు పేరుకుంటే కొవ్వు గడ్డ. రొమ్ములో తగిలినా గడ్డే, కడుపులో పెరిగినా గడ్డే, రక్తం చిక్కబడినా గడ్డ కట్టిందంటాం. (చిత్తూరు వాళ్ళం ఉల్లిపాయను ఎర్రగడ్డ అనీ, బంగాళాదుంపను ఉర్లగడ్డ అనీ అంటాం. ఆ సంచిలో వాటికీ చోటుంది.) మా అవ్వ తరం వాళ్ళు మాత్రం కాస్త విడదీసి మాట్లాడేవాళ్ళు. కురుపు వేరు, బొడిపె వేరు, కంతి వేరు, బిళ్ళ వేరు.

ముఖ్యంగా ఆ "బిళ్ళ" అనే మాట చాలా పనికొచ్చేది. అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్ళకు 3,550 మెట్లు. చెప్పుల్లేకుండా ఎక్కి దిగాక కాలికి బొబ్బ లేచి, అది చిట్లి, రెండు రోజులకు గజ్జల్లో నొప్పిగా ఒకటి తగులుతుంది. "బిళ్ళ కట్టింది, కాలికి పుండేమైనా ఉందా చూడు" అనేది మా అవ్వ. ఆ ఒక్క వాక్యంలో సగం వైద్యం ఉంది. గజ్జల్లో, చంకల్లో, మెడలో ఉండే లింఫు గ్రంథులు ఒంటికి కాపలా చౌకీల్లాంటివి. కాలిలో సూక్ష్మజీవి చొరబడితే గజ్జల్లో చౌకీ ఉబ్బుతుంది. అలా ఉబ్బినప్పుడు నొప్పి ఉంటుంది, పుండు మానాక అదీ మెల్లగా తగ్గుతుంది. అక్కడ మందు వేయాల్సింది గజ్జలకు కాదు, కాలికి.

అదే బిళ్ళ మెడలో నొప్పి లేకుండా మెల్లగా పెరిగి, ఒకదానికొకటి అతుక్కుని గుత్తిలా తయారైతే ఆలోచించాల్సింది వేరే. మన దేశంలో అలాంటప్పుడు మొదట అనుమానించేది టీబీని. పూర్వం కంఠమాల అన్నది చాలావరకు ఇదే. అందులో చీము చేరినా పైన వేడి ఉండదు, ఎరుపు ఉండదు. అందుకే డాక్టర్లు దాన్ని చల్లని చీముగడ్డ అంటారు. సూది పెట్టి కాస్త తీసి పరీక్ష చేస్తే తేలుతుంది. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. చికిత్స తీసుకునేవాళ్ళకు తిండి కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఇంకో సంగతి, మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఆ బిళ్ళలు తగ్గకుండా కొందరిలో ఇంకా ఉబ్బుతాయి. మందు పనిచేయడం లేదని మానేసేవాళ్ళున్నారు. చాలాసార్లు అది చచ్చిన క్రిముల మీద ఒళ్ళు చూపే కోపమే. మానేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

నొప్పికీ ప్రమాదానికీ ఉన్న చుట్టరికం

నొప్పి ఉందంటే పెద్ద రోగమని భయపడతాం. నొప్పి లేదంటే ఊరుకుంటాం. చర్మం కింద గడ్డల విషయంలో ఈ లెక్క చాలాసార్లు తిరగబడుతుంది. నొప్పి పుట్టించేవాటిలో ఎక్కువ భాగం వాపు వల్ల, చీము వల్ల, నరం మీదో రక్తనాళం మీదో ఒత్తిడి వల్ల వచ్చేవి. మెత్తని కణజాలంలో పుట్టే సార్కోమా అనే క్యాన్సరు అరుదు, కానీ అది మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. అందుకే డాక్టర్లు నొప్పి కంటే ముందు కొలత అడుగుతారు. 5 సెంటీమీటర్లు దాటిందా? అంటే పెద్ద నిమ్మకాయంత. వారాల్లో, నెలల్లో పెరుగుతోందా? చర్మంతో పాటు కదలకుండా లోపల కండకు పట్టుకుని ఉందా? ఒకసారి తీసేశాక అక్కడే మళ్ళీ వచ్చిందా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా ఆలస్యం చేయకూడదు. అప్పుడు నొప్పి కూడా ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు.

అలాంటి గడ్డను చిన్న నర్సింగ్ హోంలో "తీసేద్దాం, పది నిమిషాల పని" అంటే ఒప్పుకోవద్దు. ముందు ఎమ్మారై, తర్వాత లావుపాటి సూదితో ముక్క తీసి పరీక్ష, ఆ తర్వాతే ఆపరేషను. ఏమిటో తెలియకుండా కోసేస్తే క్యాన్సరు కణాలు చుట్టూ చిమ్ముకుని, రెండోసారి చేసే ఆపరేషను మొదటిదానికంటే పెద్దదవుతుంది. దీనికి ఇప్పుడు చెన్నై దాకా పరుగెత్తాల్సిన పని లేదు. తిరుపతిలోనే స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సరు ఆసుపత్రి 2022 నుంచి నడుస్తోంది.

మా తమ్ముడివి బఠాణీలు. కదులుతాయి. ఏడు నెలల్లో పెరగలేదు. ఈ నాలుగు ముక్కలు ఎవరైనా మొదటి రోజే వాడికి విడమరిచి చెప్పి ఉంటే అన్ని రాత్రుళ్ళు నిద్ర చెడేది కాదు.

కాళ్ళ మీద ఎర్రటివి

నొప్పి గడ్డలు నాకూ ఒకసారి వచ్చాయి. రెండు మోకాళ్ళ కింద, ముందు వైపు ఎముక మీద, రూపాయి బిళ్ళంత వెడల్పున ఎర్రగా, వేడిగా. చీర కుచ్చిళ్ళు తగిలినా మండేది. కీళ్ళ నొప్పులు, సాయంత్రానికి కాస్త జ్వరం. వేడి చేసిందన్నారు ఇంట్లో. మజ్జిగ తాగాను, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను, ఎవరో చెబితే ఆముదం ఆకు వెచ్చజేసి కట్టాను. వారం తర్వాత చర్మం డాక్టరు దగ్గరికి వెళితే ఆమె గడ్డల్ని చూసింది తక్కువ, అడిగింది ఎక్కువ. "రెండు మూడు వారాల కిందట గొంతు నొప్పేమైనా వచ్చిందామ్మా?" అంది. వచ్చింది. మింగలేక మూడు రోజులు గంజి తాగాను. కాళ్ళ గడ్డలకూ దానికీ సంబంధం ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

దాని పేరు ఎరిథీమా నోడోసమ్. ఎర్రటి ముడులు అని అర్థం. చర్మం కింద ఉండే కొవ్వు పొరలో, గదికీ గదికీ మధ్య అడ్డుగోడల్లాంటి పొరలుంటాయి. అవి వాస్తాయి. అక్కడ క్రిమి ఏమీ ఉండదు. ఎక్కడో ఇంకోచోట జరిగిన గొడవకు ఒంటి రక్షణ వ్యవస్థ ఇక్కడ తల్లడిల్లుతుంది, అంతే. 20 నుంచి 40 ఏళ్ళ మధ్య వాళ్ళలో ఎక్కువ, మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. పుండు పడదు, చీము పట్టదు. ఎరుపు కాస్తా ఊదా రంగుకు, తర్వాత దెబ్బ తగిలిన చోట కమిలినట్టు ఆకుపచ్చ, పసుపు రంగులకు తిరిగి, నెలా నెలన్నరలో మచ్చ లేకుండా పోతుంది. కాళ్ళు ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, నొప్పి మాత్రలు, చాలామందికి ఇవే సరిపోతాయి.

అలాగని వదిలేయకూడదు, ఎందుకంటే అసలు సంగతి కాళ్ళలో ఉండదు కదా. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి కావచ్చు. కొత్తగా వేసుకుంటున్న మందు కావచ్చు, సల్ఫా మందులు, గర్భనిరోధక మాత్రలు వీటిలో పేరుమోసినవి. గర్భం కావచ్చు. పేగుల్లో పుండ్లు పడే క్రాన్స్ లాంటి జబ్బు కావచ్చు, సార్కాయిడోసిస్ కావచ్చు. మన దేశంలో టీబీ కావచ్చు. దాదాపు సగం మందిలో ఎంత వెతికినా కారణం దొరకదు, అదీ నిజమే. నాకు గొంతు పరీక్ష, రక్త పరీక్షలతో పాటు ఛాతీ ఎక్స్‌రే తీశారు, ముంజేతి మీద టీబీ పరీక్షకు వేసే మాంటూ సూది వేసి రెండు రోజుల తర్వాత వచ్చి చూపించుకోమన్నారు. కాళ్ళ నొప్పని వస్తే ఊపిరితిత్తులకు ఎక్స్‌రే ఏమిటని అప్పుడు నేను గొణుక్కున్న మాట నిజం.

అదే గడ్డ పిక్కల మీద, అంటే కాలి వెనక వైపు వచ్చి, పగిలి పుండై, మానడానికి నెలలు పడితే అది వేరే జబ్బు. దానికీ టీబీకీ ఇంకా దగ్గరి సంబంధం. ముందా వెనకా, పగిలిందా లేదా అన్న రెండు వివరాలతోనే డాక్టరు ఆలోచన పూర్తిగా మళ్ళిపోతుంది.

ఇక్కడే ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ల మాట చెప్పాలి. నొప్పికీ వాపుకూ చాలాచోట్ల ఇచ్చేది స్టెరాయిడ్. అది వేసిన మర్నాటికి ఏ వాపైనా దిగుతుంది, ఇచ్చినాయనకు మంచి పేరొస్తుంది. లోపల టీబీ ఉంటే మాత్రం స్టెరాయిడ్ దానికి తలుపు తీసినట్టే. ఇంకో నష్టం, తర్వాత పెద్దాసుపత్రికి వెళితే అక్కడ చూపించడానికి గడ్డ సరిగా ఉండదు, ముక్క తీసినా సూక్ష్మదర్శినిలో ఆనవాళ్ళు చెరిగిపోయి ఉంటాయి. స్టెరాయిడ్ చెడ్డ మందేం కాదు. దేనికి ఇస్తున్నామో తెలిశాక ఇవ్వాల్సిన మందు.

ఆ మాట ఎత్తడానికి భయపడే జబ్బు

దేనికి ఇస్తున్నామో తెలిస్తే స్టెరాయిడ్ ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి కుష్టును మించిన ఉదాహరణ లేదు. కుష్టు అనగానే స్పర్శ లేని మచ్చ గుర్తొస్తుంది. నొప్పి గడ్డలతో దానికేం పని? పని ఉంది. ఒంట్లో క్రిములు ఎక్కువగా ఉన్న రకం కుష్టులో, చికిత్స జరుగుతుండగానో, మందులు పూర్తయ్యాకనో, కొందరిలో అసలు జబ్బు బయటపడకముందో, ఉన్నట్టుండి జ్వరంతో పాటు ముఖం మీద, చేతుల మీద, తొడల మీద ఎర్రటి నొప్పి గడ్డలు గుంపుగా లేస్తాయి. కొన్ని రోజులకు అవి అణిగి కొత్తవి వస్తాయి. కళ్ళు ఎర్రబడతాయి, కీళ్ళు వాస్తాయి, నరాలు లాగుతాయి. దీన్ని కుష్టు రియాక్షన్ అంటారు, పుస్తకాల్లో పేరు ఎరిథీమా నోడోసమ్ లెప్రోజమ్. జబ్బు ముదిరిందని కాదు, మందు పనిచేయలేదనీ కాదు. క్రిముల ముక్కల మీద ఒళ్ళు చేసే యుద్ధమది. కాకపోతే ఆ యుద్ధంలో నరాలు దెబ్బతింటే వేళ్ళు వంకర పోతాయి, పాదం జారిపోతుంది. అందుకే వెంటనే స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తుంది.

పేరుకు ఇది కాళ్ళ మీది ఎర్రటి ముడులకు చుట్టంలా ఉంటుంది. కానీ ఇది ముంగాళ్ళకే పరిమితం కాదు, ముఖానికీ చేతులకూ వస్తుంది. డాక్టరు మోచేతి లోపలి వైపు తడిమి చూస్తారు. అక్కడ తాడులా లావెక్కి, నొక్కితే నొప్పి పుట్టేది గడ్డ కాదు, నరం.

మన దేశం 2005 డిసెంబరులో కుష్టును ప్రజారోగ్య సమస్య స్థాయి నుంచి దించామని ప్రకటించింది. పదివేల మందిలో ఒకరికంటే తక్కువకు వచ్చిందని దాని అర్థం, పోయిందని కాదు. ఆ ప్రకటన తర్వాత చదువుకున్న కుర్ర డాక్టర్లకు ఇది చప్పున తట్టకపోవడంలో వింతేమీ లేదు. ఈ ప్రాంతం వాళ్ళకు ఒక అదృష్టం ఉంది. తిరుపతి అక్కారంపల్లిలో కుష్టు రోగుల కోసం టీటీడీ నడిపే పూర్ హోమ్ ఉంది. చిత్తూరు నుంచి బస్సెక్కితే కాట్పాడి అవతల కరిగిరిలో 1955 నుంచి కుష్టు మీద పనిచేస్తున్న పెద్ద సంస్థ ఉంది. ఆరు నెలల నుంచి సంవత్సరం వాడే మందులు ఉచితం. పేరు వినడానికే సిగ్గుపడి ఆలస్యం చేస్తే పోయేది నరాలు.

ఎవరూ అడగని చోట్లు

గోటి కింద పుట్టే గ్లోమస్ అనే చిన్న గడ్డ కథ నాకు అన్నిటికంటే విచిత్రం. ఆవగింజ కంటే కాస్త పెద్దది. చలికి, వేడికి తగ్గట్టు వేలి కొసలో రక్తాన్ని అదుపు చేసే బుల్లి యంత్రాంగం నుంచి పుడుతుంది. ప్రాణాంతకం కాదు. కానీ ధనుర్మాసం చలిలో తెల్లవారుజామున చన్నీళ్ళతో పాల క్యాన్లు కడిగే ఆవిడకు ఆ వేలు నీళ్ళలో పెట్టగానే మోచేతి దాకా నొప్పి పాకుతుంది. పైకి కనిపించేది గోటి కింద నీలిఛాయ, అదీ ఒక్కోసారి ఉండదు. మెడ నరం అంటారు, వాతం అంటారు, మనసు బాగాలేదంటారు, ఏళ్ళు గడిచిపోతాయి. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. గుండుసూది తలతో గోటి మీద చుక్క చుక్కకూ నొక్కుతూ పోతే ఒక్క చోట మాత్రం మనిషి ఎగిరిపడుతుంది, పక్కన నొక్కితే ఏమీ ఉండదు. ఆపరేషన్ చేసి తీసేస్తే, మొత్తం వచ్చేసిందంటే, ఏళ్ళ నొప్పి తగ్గిపోతుంది.

సిజేరియన్ కుట్టు దగ్గర తగిలే గడ్డ ఇంకొకటి. కాన్పయిన ఏడాదికో, నాలుగేళ్ళకో మచ్చ పక్కన గట్టిగా ఒకటి తగులుతుంది. కుట్టు ముడి మిగిలిపోయిందంటారు, హెర్నియా అంటారు. ప్రతి నెలా అదే రోజుల్లో నొప్పి వస్తోందా అని అడిగితే సంగతి తేలిపోతుంది. గర్భసంచి లోపలి పొర కణాలు ఆపరేషన్ సమయంలో కోతలోకి చేరి అక్కడే పాతుకుంటాయి, నెలసరితో పాటు అవీ ఉబ్బుతాయి. మగ డాక్టరు ముందు ఆ వివరం చెప్పడానికి మన ఆడవాళ్ళు మొహమాటపడతారు, ఆయనా అడగడు. క్యాలెండరు మీద నొప్పి వచ్చిన రోజుల్ని గుండ్రం చుట్టి ఆ కాగితం చేతికిస్తే చాలు.

చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద పదే పదే నొప్పి గడ్డలు లేచి, పగిలి, అక్కడే మళ్ళీ వచ్చి, చర్మం కింద సొరంగాల్లా తయారయ్యే జబ్బు ఉంది. హైడ్రాడినైటిస్ అంటారు. రోగం మొదలైనప్పటి నుంచి సరైన పేరు తెలిసేసరికి సగటున ఏడేళ్ళు దాటుతోందని 2015లో వెలువడిన ఒక పరిశోధనలో తేలింది. ఆ ఏడేళ్ళూ ప్రతి గడ్డనూ కొత్త సెగ్గడ్డ అనుకుని కోయించుకుంటారు, సరిగా స్నానం చేయడం లేదని మాట పడతారు. శుభ్రతకూ దీనికీ సంబంధం లేదు, అంటుకునేదీ కాదు. పొగ తాగడం, బరువు దీన్ని పెంచుతాయి. ఏ చోట వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది అన్న రెండు ప్రశ్నలే దీనికి పరీక్ష. సెగ్గడ్డలే వేర్వేరు చోట్ల మాటిమాటికీ వస్తుంటే మాత్రం ముందు షుగరు చూపించుకోవాలి.

బద్దె పురుగు గుడ్ల వల్ల వచ్చే సిస్టిసర్కోసిస్ గడ్డలు సాధారణంగా నొప్పి పెట్టవు, లోపలి పురుగు చచ్చేటప్పుడు పెడతాయి. పంది మాంసం తిననివాళ్ళకు రాదనుకోవడం పొరపాటు. సరిగా ఉడకని ఆ మాంసం తింటే వచ్చేది పేగులో పురుగు. కండలో గడ్డ కట్టేది ఆ పురుగు గుడ్లు, మలం నుంచి నీటికీ, ఆకుకూరలకూ, చేతులకూ చేరినవి. పచ్చి కొత్తిమీర కడగకుండా చల్లుకునే శాకాహారికీ రావచ్చు. ఇది అని తేలితే మందు మింగే ముందు మెదడుకు స్కాన్ తీస్తారు, కంటినీ చూస్తారు. మెదడులోనో కంటిలోనో కూడా పురుగులుంటే అవి ఒక్కసారిగా చావడం వల్ల వచ్చే వాపే ఫిట్స్‌కూ చూపు పోవడానికీ దారి తీయవచ్చు. నులిపురుగుల మాత్రే కదా అని షాపులో కొని వరసగా మింగకూడదు.

ఎవరి దగ్గరికి పోవాలి?

ఎముక విరిగితే మావాళ్ళకు సందేహం లేదు, పుత్తూరు కట్టు. గుండెకు స్విమ్స్. గడ్డకు? రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో చీటీ రాసేచోటే తికమక మొదలవుతుంది. సర్జన్‌కు గడ్డ కనిపిస్తే కోయవచ్చా లేదా అన్నది ముందు తడుతుంది. చర్మం డాక్టరు చర్మాన్ని చూస్తారు. ఫిజీషియన్ జ్వరాన్ని చూస్తారు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ చదువు అలాంటిది. నాకు తోచిన లెక్క ఇది: పైన చర్మం ఎర్రబడి వేడిగా ఉంటే, లేదా ఒకేసారి చాలా లేస్తే ముందు చర్మం డాక్టరు. చర్మం మామూలుగా ఉండి కింద తగిలే ఒంటరి గడ్డయితే సర్జన్. గడ్డలతో పాటు జ్వరం, బరువు తగ్గడం, దగ్గు ఉంటే ఫిజీషియన్.

వెళ్ళే ముందు ఇంట్లో చేసుకోదగ్గ పని కొంత ఉంది. గడ్డ బాగా కనిపించిన రోజు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయండి. మనం వెళ్ళే రోజుకు అది అణిగిపోవడం మామూలే. ఎప్పుడు మొదలైంది, ఆ ముందు నెలలో ఏ జ్వరం, ఏ కొత్త మందు, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా, చలికా నొక్కితేనా నెలసరికా నొప్పి, ఇవి కాగితం మీద రాసుకోండి. ఓపీలో మనకు దొరికేది మూడు నిమిషాలు, అందులో ఒకటి స్లిప్పు వెతుక్కోవడానికి పోతుంది.

పరీక్షల్లో మొదటిది అల్ట్రాసౌండు. లోపల నీళ్ళా, కొవ్వా, గట్టి కండా, ఎంత లోతు అని చెబుతుంది. సన్నని సూదితో తీసే ఎఫ్ఎన్ఏసీ లింఫు గ్రంథులకు బాగా పనికొస్తుంది. కొవ్వు పొరలో వాపు అనుకున్నప్పుడు మాత్రం సూది చాలదు, పైపైన గిల్లినట్టు తీసే ముక్కా చాలదు, కొవ్వు దాకా లోతుగా తీయాలి. ముక్క తీసి ఏమీ తేలలేదన్న రిపోర్టుల వెనక కొన్నిసార్లు ఉండేది ఇదే, ముక్క అసలు చోటు దాకా వెళ్ళి ఉండదు. ఇంకొకటి, తీసిన ముక్కను మైనపు దిమ్మెలో దాచి ఉంచుతారు. దాన్ని బ్లాక్ అంటారు. వేలూరుకో చెన్నైకో రెండో అభిప్రాయానికి వెళ్ళాలనుకుంటే ల్యాబులో రాసిచ్చి స్లైడ్లు, బ్లాక్ అడిగి తీసుకోవచ్చు. మళ్ళీ కోయించుకునే పని తప్పుతుంది.

మా వాడి విషయానికి వస్తే, ఫోనులో వాడు క్యాన్సరు దాటి ఇంకో పేరు పట్టుకొచ్చాడు, డెర్కమ్స్ జబ్బు. ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ డెర్కమ్ అనే నరాల డాక్టరు 1888లో మొదటిసారి రాసిన జబ్బది. ఒంట్లో కొవ్వే నొప్పి పెట్టడం. మూడు నెలలకు మించి ఉండే నొప్పి, సాధారణంగా ఒళ్ళున్న నడివయసు ఆడవాళ్ళలో. దీన్ని నిర్ధారించే రక్త పరీక్ష ఏదీ లేదు, మిగతావి కావని తేల్చుకుంటూ రావాలి. వీడేమో వెదురు బద్ద. "ఇందులో నీకు కలిసేది నొప్పి ఒక్కటేరా" అన్నాను. వినలేదు.

చివరికి చూసిన సర్జన్ నెమ్మదస్తుడు. పాత స్కాను రిపోర్టు పక్కన పెట్టి, "మొత్తం ఎన్నున్నాయి, అన్నీ చేతులకేనా, అన్నీ నొప్పేనా?" అని అడిగి, బాల్‌పెన్నుతో ఒక్కోదాని మీద సున్నా చుట్టి లెక్కపెట్టాడు. ఏడు తేలాయి. వైద్య విద్యార్థులు నొప్పి పెట్టే చర్మపు గడ్డల పేర్లన్నీ గుర్తుండటానికి గుడ్డు అప్పివ్వమని అడిగే ఒక ఇంగ్లీషు వాక్యం బట్టీ పడతారట, అందులో ఒక్కో అక్షరం ఒక్కో గడ్డ పేరుకు గుర్తు. అది చెప్పి నవ్వి, "అందులో నీది ఏదో నాకు అనుమానం ఉంది, రెండు తీసి చూద్దాం" అన్నాడు. మత్తు సూది ఇచ్చి అరగంటలో తీశాడు. పసుపు ముద్దల్లా ఉన్నాయి, అచ్చం మామూలు కొవ్వు గడ్డలే.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. యాంజియోలైపోమా. కొవ్వు గడ్డే, కాకపోతే లోపల సన్నని రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి, వాటిలో అక్కడక్కడా రక్తం చిక్కబడి ఉంటుంది. 1960లో అమెరికాలో హోవర్డ్, హెల్విగ్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని విడిగా గుర్తించి చూపించారు. కుర్ర వయసు, ముంజేతులు, ఒకటికంటే ఎక్కువ, రెండు సెంటీమీటర్ల లోపు, ముట్టుకుంటే నొప్పి, అన్నీ వాడివే. క్యాన్సరుగా మారదు. స్కానింగులో రెండూ కొవ్వులాగే కనిపిస్తాయి కాబట్టి మొదటి రిపోర్టులో లైపోమా అని రాయడం తప్పేమీ కాదు. "నొప్పి ఉండదు" అన్నదే తప్పు. నొప్పి ఉందన్న మాటను పక్కన పెట్టకుండా ఉంటే ఆ నొప్పే దారి చూపేది.

మిగతా ఐదూ తీయమంటావా అని అడిగితే మావాడు ఆలోచించి, బండి హ్యాండిల్ పట్టుకుంటే నొక్కుకునే రెండూ తీయించుకుని, మూడు వదిలేశాడు. వాటిలో ఒకటి ఎడమ మణికట్టు దగ్గర ఉంది. వాచీ ఇప్పుడు కుడి చేతికి పెట్టుకుంటున్నాడు.